కొండ కింద కెరటాలు: డైవింగ్, నీటి ఆటల బృందానికి సరదా సముద్రపు పేరు పెట్టుకోవడం ఎలా

తిరుపతి, చిత్తూరు వైపు నీటి ఆటల బృందం ఏది మొదలైనా ముందు పుట్టేది వాట్సాప్ గ్రూపు. ఆ నిమిషంలో తోచిందేదో, ‘ఆక్వా వారియర్స్’ అనో ‘బ్లూ షార్క్స్’ అనో ఎవరో ఒకరు పెట్టేస్తారు. కొన్నాళ్లకు ఆ పేరే టీషర్టుల మీదికి, బ్యానర్ మీదికి, బ్యాంకు ఖాతాలోకి ఎక్కి కూర్చుంటుంది. అదే పేరుతో చెన్నైలో ఒక బృందం, గోవాలో ఇంకొకటి ఉంటాయి. మంచి పేరుకు పెద్ద ఖర్చేమీ లేదు. ఏడెనిమిది మంది, ఒక నోటు పుస్తకం, రెండు సాయంత్రాలు చాలు. మొదటి సాయంత్రం మాటలు పోగుచేయడానికి, రెండోది పరీక్షలకు.

ఈ పని మొత్తానికీ ఒకటే సూత్రం. క్లబ్బు పేరును కాగితం మీద చూసి ఎంచుకోకూడదు. గాలిలో, అలల హోరులో గొంతెత్తి పిలిచినప్పుడు వినపడాలి. పిల్లాడిని చేర్పించడానికి వచ్చిన అమ్మ ఆ పేరు చదివి భయపడకూడదు. ఈ రెండూ కుదిరాకే సరదా సంగతి.

1. ముందు మీ నీళ్లేవో తేల్చుకోండి

ఎవరు, ఏ నీళ్లలో, ఏం చేస్తారు? దీన్ని ఒక్క వాక్యంలో రాయండి. ‘తిరుపతిలో స్విమ్మింగ్ పూల్‌లో సాధన చేసి, సెలవుల్లో పుదుచ్చేరికో విశాఖ రుషికొండకో వెళ్లి స్కూబా (గాలి సిలిండరుతో నీటి అడుగున ఈత) చేసే పెద్దవాళ్లు’ ఒక రకం. ‘తడ దగ్గర పులికాట్‌లో పడవ మీద తెడ్డు వేసేవాళ్లు’ ఇంకో రకం. ‘చిత్తూరు చుట్టుపక్కల బావుల్లో పిల్లలకు ఈత నేర్పేవాళ్లు’ మూడో రకం. మొదటి బృందానికి లోతు మాటలు నప్పుతాయి. రెండోదానికి తెడ్డు, పడవ, పక్షుల మాటలు సరిపోతాయి. మూడోదానికి చిన్న చేపలు, కప్పలు, బుడగలు అయితే బాగుంటాయి. ఈ వాక్యం రాయకుండా పేరు వెతికితే బావిలో ఈత నేర్పే బృందానికి తిమింగలం పేరు పెట్టుకుని కూర్చుంటారు.

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక తిరుపతి జిల్లాకు సముద్రతీరం వచ్చింది. వాకాడు మండలంలోని తూపిలిపాళెం బీచ్, తడ, సూళ్లూరుపేట వైపు పులికాట్ సరస్సు ఇప్పుడు మన జిల్లావే. చిత్తూరు జిల్లాకు మాత్రం తీరం లేదు. అందుకని చిత్తూరు, పలమనేరు, కుప్పం బృందాలు ‘కోస్ట్’, ‘బీచ్’, ‘తీరం’ లాంటి మాటలు వాడితే చేరడానికి వచ్చినవాళ్లు మొదటి రోజే ‘ఎక్కడ బీచ్?’ అని అడుగుతారు. తీరం లేకపోవడాన్నే సరదాగా మార్చుకోవచ్చు. ‘బావికప్పలు’ అని పెట్టుకోండి, కింద చిన్న అక్షరాల్లో ‘సముద్రానికి బయలుదేరాయి’ అని రాయండి. రాయలసీమలో బావి ఈత అందరికీ తెలిసిందే కాబట్టి అది అబద్ధం కాదు, విన్నవాళ్ల ముఖంలో నవ్వు కూడా వస్తుంది.

2. మాటలు పోగుచేయండి

మొదటి సాయంత్రం పేర్లు ఆలోచించకండి, మాటలే రాయండి. వంద మాటలు వచ్చేదాకా ఆపొద్దు. మొదటి ఇరవై అందరికీ తోచేవే. అల, కెరటం, చేప, ముత్యం, డాల్ఫిన్, సొర అక్కడే వస్తాయి. మీ పేరు ఆ తర్వాత వచ్చే మాటల్లో ఉంటుంది.

చేపల పేర్లకు గూగుల్ కంటే చేపల మార్కెట్ మేలు. వంజరం, చందువ, కానగంత, నెత్తళ్లు, పండుగప్ప, టేకు, పీత, రొయ్య. ఒక్కొక్కటీ ఎలా బతుకుతుందో అమ్మేవాళ్లనే అడగండి, పేరుకు అర్థం అక్కడ దొరుకుతుంది. నెత్తళ్లు చిన్నవి, గుంపు విడవవు. కాబట్టి పిల్లల బృందానికి ‘నెత్తళ్ల దండు’ అచ్చంగా సరిపోతుంది. పండుగప్ప ఉప్పునీళ్లలోనూ బతుకుతుంది, మంచినీళ్లలోనూ బతుకుతుంది. పూల్‌లో నేర్చుకుని సముద్రానికి వెళ్లే బృందానికి ఇంతకంటే తగిన చేప లేదు. పైగా పేరులోనే పండుగ వినిపిస్తుంది. ‘టేకు’ మాత్రం జాగ్రత్త. తీరంలో అది చేపే గానీ తిరుపతిలో చెట్టనే అనుకుంటారు. కొరమీను, బొచ్చె, శీలావతి చెరువు చేపలు. వాటిని సముద్రపు బృందానికి పెడితే తీరం వాళ్లు వెంటనే పట్టేస్తారు.

పడవ మాటలు వేరే పేజీలో రాసుకోండి. తెడ్డు, చుక్కాని, లంగరు, తెరచాప, తెప్ప, రేవు, మొగ. నీటి కదలికలకు ఇంకో పేజీ. ఆటు, పోటు, సుడి, నురగ, బుడగ, అలజడి. పులికాట్ మాటలు విడిగా రాయండి. మనవాళ్లు రాజహంసలనే ఫ్లెమింగోలు, నేలపట్టు గూడబాతులు, ఉప్పుటేరు, పాత పేరు ‘ప్రళయకావేరి’. ఆ చివరి పేరు ఎంతో అందమైంది. సూళ్లూరుపేట, తడ వైపు వాళ్లు దాన్ని గర్వంగా పెట్టుకోవచ్చు, అక్కడ అందరికీ అది సరస్సు పేరే. తిరుపతి నుంచి పిల్లలను తీసుకెళ్లే బృందానికి మాత్రం వద్దు. సరస్సు సంగతి తెలియని తల్లిదండ్రులకు మొదటి సగమే కనిపిస్తుంది.

పురాణాల నుంచి ఒక్క మాట తప్పకుండా రాసుకోండి, మైనాకం. ఇంద్రుడు పర్వతాల రెక్కలు నరుకుతుంటే తప్పించుకుని సముద్రంలో దాగిన కొండ అది. హనుమంతుడు లంకకు ఎగిరేటప్పుడు కాస్త ఆగి సేద తీరమని నీళ్లలోంచి పైకి లేచింది. కొండ కింద ఊరి డైవింగ్ బృందానికి సముద్రంలోని కొండ పేరు! డైవర్లు పైకి వచ్చేటప్పుడు 5 మీటర్ల లోతు దగ్గర 3 నిమిషాలు ఆగుతారు కదా, సేఫ్టీ స్టాప్ అంటారు. దారి మధ్యలో ఆగమని చెప్పే కొండ దానికీ సరిపోతుంది. మూడక్షరాలే, కింద వత్తు కూడా లేదు. తిరుపతి డైవర్లకు మా మొదటి సిఫారసు ఇదే.

3. మాటలను జత కట్టండి

తెలుగులో సరదా పుట్టించే దారులు నాలుగున్నాయి, ఒక్కోదానితో కనీసం ఐదు పేర్లు రాయండి.

అన్నిటికంటే సులువైంది మొదటి అక్షరం కలపడం. ‘పీతల పటాలం’, ‘బుడగల బడి’, ‘తెడ్డూ తెప్పా’, ‘కొండ కింద కెరటాలు’. తిరుపతిలో ‘కొండ పైన’, ‘కొండ కింద’ అనేది రోజువారీ మాటే కాబట్టి చివరిది విన్న వెంటనే ఊరు తెలిసిపోతుంది, ఎక్కడా తిరుపతి అని రాయక్కర్లేదు. ‘బుడగల బడి’ స్కూబా నేర్పే బృందానికి బాగా కుదురుతుంది. నీళ్లలో ఊపిరి బిగబట్టకుండా బుడగలు వదులుతూ ఉండాలన్నది అక్కడి మొదటి పాఠం, ఆ పాఠమే పేరులో ఉంటుంది.

రెండోది, ఒక మాటలో ఇంకో మాట దాచడం. ‘ఆటుపోట్లు’లో ఆట ఉంది. ‘ఆటుపోటాట’ అంటే సర్ఫింగ్ గుంపుకు సరిపోతుంది. ‘అలజడి’లో అల ఉంది. ఇలాంటివి చెవిన పడగానే అర్థం కావాలి. రెండుసార్లు వివరించాల్సి వస్తే కొట్టేయండి.

ఈ దారిలో మన ప్రాంతానికే చెందిన పేరొకటి ఉంది, ‘సొరబుర్ర’. బావుల్లో ఈత నేర్చుకునే పిల్లలకు నడుముకు ఎండిన సొరకాయ బుర్ర కట్టేవాళ్లు. తేలడానికి అదే ఆధారం, ఇప్పటి ఫ్లోట్లన్నిటికీ తాత. తీరం వాళ్లకు సొర అంటే సొరచేప. ఒకే మాటలో బావీ ఉంది, సముద్రమూ ఉంది, తేలే సాధనమూ ఉంది. లోగో కూడా ఆలోచించక్కర్లేదు, సొరకాయకు రెక్క ఒకటి గీస్తే అయిపోయింది. కొత్తగా ఈత నేర్చుకునే బృందానికి దీనికి మించింది దొరకడం కష్టం.

మూడోది, ఎదురు గుణాలను కలపడం. ‘తాబేటి తొందర’, ‘బద్ధకపు అలలు’. నెమ్మదిగా తెడ్డు వేసుకుంటూ పోయే యాభై ఏళ్లు దాటినవాళ్ల బృందానికి ‘తాబేటి తొందర’ బాగుంటుంది. ఇక్కడ పందెం లేదని పేరే చెప్పేస్తుంది. పోటీలకు వెళ్లే జట్టుకు మాత్రం ఇది పనికిరాదు, ఓడిన ప్రతిసారీ ఆ పేరే ఎత్తిపొడుపవుతుంది.

నాలుగోది సామెతను తిప్పడం. ఇది రుచికరమైన దారే, ప్రమాదం ఉన్నదీ ఇక్కడే. ‘చేపపిల్లకు ఈత’ బంగారంలాంటి పేరు. ‘నిండా మునిగినోళ్లు’ అని ఎవరైనా అంటారు, అందరూ నవ్వుతారు. కానీ ఆ సామెత అప్పుల్లో కూరుకుపోయినవాళ్ల గురించి వాడేది. చలికాలం తెల్లవారుజామున ఈతకొట్టే స్నేహితుల గుంపుకైతే పర్వాలేదు. ఫీజు తీసుకుని నేర్పే డైవింగ్ బృందానికి కుదరదు. మునక, ముంచడం, గంగలో కలవడం, నట్టేట వదలడం, నీళ్లు వదులుకోవడం... నీళ్ల చుట్టూ మన భాషలో ఉన్న నుడికారాల్లో చాలావరకు నష్టం గురించే. వాటిని జాబితా రాసి పక్కన పెట్టుకోండి, ఎంపికైన ప్రతి పేరునూ దానితో సరిపోల్చండి.

4. అరిచి చూడండి

రెండో సాయంత్రం పని ఇక్కడ మొదలవుతుంది. పది పేర్లకు కుదించుకుని పూల్ దగ్గరికి వెళ్లండి, జనం ఉన్న వేళకే వెళ్లాలి. ఒకరు 50 అడుగుల దూరంలో నిలబడి ఒక్కో పేరునూ ఒక్కసారే గట్టిగా పిలవాలి. ఆ పేర్లు ముందు తెలియని ఐదుగురు తమకు వినిపించింది రాయాలి. నలుగురు సరిగ్గా రాస్తే పేరు నిలిచినట్టు. ఇద్దరు ముగ్గురు తప్పు రాస్తే అక్కడికక్కడే తీసేయండి. ‘అలవాటైతే వినపడుతుందిలే’ అని సర్దుకోవద్దు, కొత్తగా చేరినవాళ్లకు ఎప్పుడూ అలవాటు ఉండదు. వీలైతే మిగిలిన మూడు నాలుగింటిని గాలి వీచే మధ్యాహ్నం తూపిలిపాళెంలో రెట్టింపు దూరం నుంచి పిలిచి చూడండి.

ఎందుకు కొన్ని పేర్లు కొట్టుకుపోతాయంటే, అలల హోరులో స, శ, ష శబ్దాలు కలిసిపోతాయి. అల విరిగే చప్పుడు కూడా అలాంటి బుసే. ఆ, ఏ, ఓ లాంటి దీర్ఘాలు మాత్రం దూరం వెళతాయి. ‘శంఖసేన’ కాగితం మీద ఘనంగా ఉంటుంది, గాలిలో ‘...ఖ...న’ అని మిగులుతుంది. ‘మైనాకం’, ‘పీతలూ’, ‘కెరటాలూ’ చేరతాయి. మూడు నుంచి ఆరు అక్షరాల లోపు ఉంటే ఒక్క ఊపిరిలో పిలవచ్చు. అంతకంటే పొడవైన పేరు కావాలంటే పిలవడానికి ఒక ముక్క తీసి పెట్టుకోండి. ‘కొండ కింద కెరటాలు’ బ్యానర్ మీద ఉండొచ్చు, నీళ్ల మీద ‘కెరటాలూ!’ చాలు.

ఇంకో పరీక్ష దీనికంటే ముఖ్యం. మీ శిక్షకులు నీళ్లలో వాడే హెచ్చరికలు రాయండి. ఆగు, పైకి, వెనక్కి, పట్టుకో, వదులు. పేరులో మొదటి రెండు అక్షరాలు వీటిలో దేనిలాగా వినిపించినా ఆ పేరు వద్దు. ‘ఆగని అలలు’ అని పిలవగానే సగం మంది తెడ్డు ఆపేస్తారు, వెనక వచ్చే పడవ వాళ్లను గుద్దుతుంది. ‘పైకెరటం’తోనూ అదే చిక్కు. రేడియోలో ‘మేడే’ అని మూడుసార్లు పలికితే ప్రాణాపాయ సంకేతం. కాబట్టి మే 1న మొదలైన బృందమైనా సరే ఆ మాట జోలికి పోకూడదు.

డైవర్లకు నీటి అడుగున గొంతు పనిచేయదు, చేతి సంజ్ఞలే మాటలు. అరచేయి నిలువుగా నుదుటి దగ్గర పెడితే సొరచేప. ఒక అరచేయి మీద ఇంకో అరచేయి పెట్టి బొటనవేళ్లు ఆడిస్తే తాబేలు. ఇలా సంజ్ఞ ఉన్న జీవి పేరు పెట్టుకుంటే ఒడ్డున ఫొటోలకు అదే మీ గుర్తవుతుంది. నీటి కింద మాత్రం దాన్ని సరదాకు చూపొద్దని మొదటి రోజే నియమం పెట్టండి. అక్కడ ఆ సంజ్ఞకు ‘అదిగో సొర’ అన్న ఒక్క అర్థమే ఉండాలి. అలాగే లోగోలో డైవర్ బొటనవేలు పైకెత్తినట్టు గీయించకండి. డైవర్ల భాషలో దాని అర్థం భేష్ కాదు, ‘పైకి వెళదాం’. బాగుందని చెప్పేది బొటనవేలు, చూపుడువేలు కలిపిన సున్నా.

5. ఇరుగు పొరుగు భాషల్లో, ఇంట్లో వినిపించండి

మన ఊళ్లలో ఒకే వీధిలో తెలుగు, తమిళం, కన్నడ, దక్కనీ ఉర్దూ వినిపిస్తాయి. పేరును ఆ నాలుగు భాషలవాళ్లకూ చెప్పి ముఖం చూడండి. కొన్ని పేర్లకు లాభమే. అల తమిళంలో అలై, కడలి అక్కడ కడల్. రెండు వైపులా అర్థమవుతాయి. శంఖం సంగతి వేరు. తమిళంలో ‘సంగు ఊదడం’ అంటే పని ముగిసిందని, మనిషి పోయాడని కూడా వాడతారు, అంత్యక్రియల్లో ఊదే అలవాటు వల్ల. నగరి, సత్యవేడు, చిత్తూరు వైపు ఇది అందరికీ తెలుసు. డైవింగ్ క్లబ్బుకు పొరపాటున కూడా వద్దు.

తర్వాత ఇంట్లో అమ్మకో నాయనమ్మకో ‘ఈ పేరున్న చోటికి పిల్లాడిని పంపుతావా?’ అని ఒక్క ప్రశ్న వేయండి. ఇది ఉత్త మర్యాద కాదు, ఇదే అసలు వడపోత. సునామీ అనే మాట కుర్రాళ్లకు హుషారుగా ఉంటుంది. 2004 డిసెంబరు 26న ఈ తీరంలోనే ఇళ్లు, పడవలు, మనుషులు కొట్టుకుపోయారు. ఉప్పెన, వరద కూడా అంతే. 2021 నవంబరు వరదను తిరుపతి ఇంకా మరచిపోలేదు. మునిగిపోయిన ఓడల పేర్లు కూడా తీసేయండి. ‘బ్లూ వేల్’ అంటే 2017 నాటి ఆ ప్రమాదకర ఆట వార్తలు చాలామంది తల్లిదండ్రులకు ఇంకా గుర్తే.

6. తాకకూడని మాటలు

దేవుడి పేర్లు, ఏడుకొండల పేర్లు, తీర్థాల పేర్లు వద్దు. ఆ పేరు చివరికి ఈత నిక్కర్ల మీద, కాళ్లు తుడుచుకునే తువ్వాళ్ల మీద పడుతుంది, ఎవరికో మనసు నొచ్చుకుంటుంది, ఆ నొప్పి న్యాయమైనదే. మత్స్యావతారం కూడా ఈ లెక్కలోదే. నాగలాపురంలో వేదనారాయణస్వామి మత్స్యరూపంలోనే కొలువై ఉన్నాడు. పైగా తిరుపతిలో ‘బాలాజీ’తో మొదలయ్యే బోర్డుల మధ్య ఇంకొకటి కలిపితే మీ బృందం ఎవరికీ కనపడదు.

కులం పేర్లు వద్దు. గంగపుత్ర, బెస్త, పట్టపు లాంటివి తరతరాలుగా సముద్రం మీద బతికే మనుషుల పేర్లు, సెలవురోజు ఆటకు అలంకారాలు కావు. ఆ ఊళ్లలోనే మీరు పడవ అడగాలి, గాలి ఎలా ఉందో కనుక్కోవాలి, అవసరమైతే సాయం అడగాలి.

ప్రభుత్వ సంస్థలా వినిపించే మాటలు కూడా పక్కన పెట్టండి. కోస్ట్ గార్డ్, నేవీ, మెరైన్, రెస్క్యూ, నేషనల్, ఇండియన్. 1950 నాటి చిహ్నాలు, పేర్ల దుర్వినియోగ నిరోధక చట్టం కింద ప్రభుత్వ ఆదరణ ఉన్నట్టు తోచే పేర్లకు అడ్డంకి వస్తుంది. చట్టం సంగతి అటుంచినా, ‘రెస్క్యూ’ అని రాసుకున్న బృందం దగ్గరికి నిజంగా ఆపదలో ఉన్నవాళ్లు పరుగెత్తుకొస్తారు. శ్రీహరికోట పక్కనే ఉంది కాబట్టి ‘కౌంట్‌డౌన్ కెరటాలు’ సరదాగా ఉంటుంది. కానీ ఇస్రో, షార్ అక్షరాలు మీ పేరులోకి రాకూడదు.

కంపెనీల పేర్లు తెలియకుండానే దూరిపోతాయి. జెట్ స్కీ అనేది కవాసాకీ వాళ్ల ట్రేడ్‌మార్క్. మామూలుగా ఆ బండ్లన్నిటినీ అలాగే పిలుస్తాం గానీ మీ పేరులో పెట్టుకోకూడదు. ‘పాడి’ (PADI) లాంటి డైవింగ్ శిక్షణ సంస్థల పేర్లూ అంతే. వాళ్ల దగ్గర నేర్చుకున్నంత మాత్రాన పేరు వాడే హక్కు రాదు. స్కూబా, కయాక్, సర్ఫ్ అందరి మాటలు, వాడుకోవచ్చు.

పులికాట్ పక్షుల అభయారణ్యం. రాజహంసల పేరు పెట్టుకున్న బృందం పక్షులున్న చలికాలంలో వాటి మధ్యకు పడవ పోనిస్తే ఆ పేరే మీ మీద ఫిర్యాదవుతుంది. నీళ్లు చాలాచోట్ల నడుములోతు కూడా ఉండవు కాబట్టి ‘లోతు’, ‘అగాధం’ లాంటి మాటలు కూడా అక్కడ నప్పవు.

7. ఇంగ్లిష్ అక్షరాల్లో ఒకే స్పెల్లింగ్

ఇన్‌స్టాగ్రామ్ యూజర్‌నేమ్ తెలుగు లిపిలో కుదరదు, 30 అక్షరాలకు మించకూడదు. అసలు చిక్కు మన అలవాటుది. తిరుపతినే సగం మంది టి-ఐతో ముగిస్తారు, సగం మంది టి-హెచ్-ఐతో ముగిస్తారు. ‘త’ ఉన్న పేరేదైనా ఇలా రెండుగా చీలుతుంది. ‘పీత’ మూడు నాలుగు రకాలుగా వస్తుంది. పరీక్ష సులభం. పేరును ఫోన్‌లో చెప్పి, పది మందిని ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేసి పంపమనండి. ఏడుగురి స్పెల్లింగ్ ఒకటే అయితే ఆ పేరు వెతికితే దొరుకుతుంది. రెండు రకాలుగా సమానంగా చీలితే రెండు యూజర్‌నేమ్‌లూ తీసుకుని ఒకదాన్నుంచి రెండోదానికి దారి చూపించండి.

అదే రోజు గూగుల్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో, యూట్యూబ్‌లో, ట్రేడ్‌మార్క్ వెబ్‌సైట్‌లోని పబ్లిక్ సెర్చ్‌లో వెతకండి. సినిమా పేరుతో కలిసే పేరు తీసుకుంటే ఎన్నేళ్లు వెతికినా పాటలే పైకొస్తాయి, మీరు కనపడరు.

8. కాగితాలు

వారాంతపు స్నేహితుల గుంపుకు ఈ అంకం అవసరం లేదు. ఫీజులు తీసుకోవాలన్నా, బృందం పేరిట బ్యాంకు ఖాతా కావాలన్నా ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద నమోదు చేసుకోవచ్చు. కనీసం ఏడుగురు సభ్యులుండాలి. ఇప్పటికే ఉన్న సొసైటీ పేరుతో కలిసినా, దగ్గరగా ఉన్నా తిప్పి పంపుతారు. కాబట్టి మూడు పేర్లు వరుసగా సిద్ధం చేసుకుని వెళ్లండి. సరదా పేరు ఒక్కటే ఉంటే ఏం బృందమో తెలియదు, ‘సొరబుర్ర ఈత, నీటి ఆటల సంఘం, తిరుపతి’ అని పని కూడా కలపండి. పిలుపు పేరు అలాగే ఉంటుంది, కాగితం మీద పూర్తి పేరుంటుంది.

శిక్షణ వ్యాపారంగా నడిపేవాళ్లు ట్రేడ్‌మార్క్ దరఖాస్తు 41వ తరగతిలో వేయాలి, క్రీడలు, శిక్షణ దాని కిందికే వస్తాయి. టీషర్టులు అమ్మాలంటే 25వ తరగతి కూడా. ఆన్‌లైన్‌లో వ్యక్తి పేరిట ఒక్కో తరగతికి రూ.4,500, సంఘాల వంటివాటికి రూ.9,000. నమోదైతే పదేళ్లు చెల్లుతుంది. ‘కెరటం’ లాంటి ఒంటరి మామూలు మాట కంటే ‘తాబేటి తొందర’ లాంటి విచిత్రమైన జంటకు నమోదు సులువు.

9. టోపీ మీద, పడవ మీద

తెలుగు అక్షరాలు ముద్రణలో దెబ్బతినేది వత్తుల దగ్గర. ‘మత్స్య’లో కింద రెండు వత్తులు పడతాయి. చిన్న సైజులో సిరా నిండి నల్లటి ముద్దవుతుంది, ఎంబ్రాయిడరీలో ఇంకా ఘోరం. అక్షరం ఎత్తు సెంటీమీటరుకు తగ్గించకండి. సిలికాన్ ఈత టోపీ తలకు పెట్టుకోగానే సాగుతుంది, దాంతో అక్షరాలు పలచబడి వెడల్పవుతాయి. అందుకని దళసరి ఫాంటు కావాలి. రామభద్ర, ధూర్జటి ఉచితంగా దొరికే ఫాంట్లు, రెండూ శీర్షికలకు బాగుంటాయి. శ్రీకాళహస్తి కవి పేరున్న అక్షరాలు మన జిల్లా టోపీ మీద ఉంటే అదో ఆనందం. ప్రింటర్‌కు ఫైలు ఇచ్చేటప్పుడు అక్షరాలను బొమ్మగా మార్చి పీడీఎఫ్ ఇవ్వండి. ఫాంటు వాళ్ల దగ్గర లేకపోతే వత్తులు విడిపోయి పక్కన పడతాయి. మొత్తం ఆర్డరుకు ముందు ఒకే ఒక్క టోపీ అచ్చు వేయించి, తలకు పెట్టి, పది అడుగుల నుంచి చదివి చూడండి.

రంగును పేరే లాక్కొస్తుందని గుర్తుంచుకోండి. ‘నీలి’తో మొదలయ్యే పేరు పెడితే టోపీలూ నీలంగానే వస్తాయి, సముద్రంలో నీలం, ఆకుపచ్చ కలిసిపోయి తల కనిపించదు. ‘పగడం’, ‘పీత’, ‘రాజహంస’ పేర్లు నారింజ, ఎరుపు, గులాబీ రంగులు తెస్తాయి. ఒడ్డు నుంచి తలలు లెక్కపెట్టేవాళ్లకు నారింజ, మెరిసే గులాబీ చాలా మేలు చేస్తాయి. ఎరుపు మీద ఏటవాలుగా తెల్ల గీత ఉన్న జెండాను, తెలుపు నీలం కలిసిన ఆల్ఫా జెండాను క్లబ్బు జెండాగా వాడకండి. కింద డైవర్లున్నారు, దూరంగా పొండి అని మిగతా పడవలకు చెప్పే గుర్తులవి.

10. ఎన్నిక

చివరికి మూడు పేర్లు మిగలాలి. వాట్సాప్ పోల్ పెట్టకండి, మొదట ఓటేసినవాళ్ల వెంటే మిగతావాళ్లు పోతారు. చీటీల మీద మూడింటికీ వరుస రాయించండి. మొదటిదానికి 3, రెండోదానికి 2, మూడోదానికి 1 మార్కు వేసి కూడండి. నచ్చని పేరుకు అడ్డుచెప్పే హక్కు ఒక్కొక్కరికి ఒక్కసారి ఇవ్వండి, కారణం చెబితేనే చెల్లుతుంది. గెలిచిన పేరును నెల రోజులు నోటితో మాత్రమే వాడండి, ఏదీ అచ్చు వేయించకండి. ఆ నెలలో పిల్లలు దాన్ని తమంతట తాము కుదించి పిలవడం మొదలుపెడితే పేరు పట్టుకున్నట్టే. ఆ కుదించిన రూపాన్నే టోపీ మీద వేయించండి.

ఓడిన రెండు పేర్లను పారేయొద్దు. పడవలకు, చిన్న జట్లకు వాడుకోండి. ‘బుడగల బడి’లో మొదటి నెల వాళ్లు నెత్తళ్లు, పూల్ దాటినవాళ్లు కానగంతలు, సముద్రంలో దిగినవాళ్లు వంజరాలు. ఎవరు ఎక్కడిదాకా వెళ్లవచ్చో ఒడ్డున నిలబడ్డ శిక్షకుడికి చేప పేరు వినగానే తెలిసిపోతుంది.